లెన్స్ కోసం గాజులు తాకట్టు పెట్టొద్దు, నీళ్లు తాగడం మానొద్దు

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. వయసు 25. మూడేళ్లుగా ఒక తెలుగు దినపత్రికకు ఫొటో కంట్రిబ్యూటర్‌గా చేస్తున్నాను. ఈ సీజన్‌లో మొదటిసారి ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్‌లకు అక్రెడిటేషన్ (లోపల ఫొటోలు తీసే అనుమతి కార్డు) వచ్చింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మూడు మ్యాచ్‌లు అయ్యేసరికి భయం పట్టుకుంది. మధ్యాహ్నం మ్యాచ్ అయితే నెత్తిన ఎండ. రాత్రి మ్యాచ్ అయితే నాలుగింటి నుంచి పన్నెండు దాకా బౌండరీ బోర్డుల వెనకాలే. టాయిలెట్‌కు వెళ్లొచ్చేలోపు నా చోటు పోతుందని నీళ్లు తాగడం మానేశాను. మొన్న ఒక సిక్సర్ నా లాప్‌టాప్‌కు జానెడు దూరంలో పడింది. ఆఫీసులో డెస్క్ నుంచి నిమిషానికో ఫోన్, ‘ఫొటో ఏదీ’ అని. రీల్ కూడా తీసి పంపమంటున్నారు. మ్యాచ్‌కు నాకిచ్చేది 1,200 రూపాయలు, 400 ఎంఎం లెన్స్ అద్దె దానికి రెట్టింపు. అమ్మ తన గాజులు తాకట్టు పెట్టి లెన్స్ కొనుక్కోమంటోంది. హాస్టల్ గేటు రాత్రి పదిన్నరకే వేసేస్తారు. సీనియర్లను అడిగితే ‘ఈ ఫీల్డ్ ఇంతేనమ్మా, తట్టుకోవాలి’ అంటున్నారు. తట్టుకోలేకపోవడం నా తప్పేనా? మానేయాలా? దయచేసి పేరు వేయకండి.

జవాబు: అమ్మా, మా అమ్మాయి కంటే చిన్నదానివి, నువ్వు అనే రాస్తాను.

నీ ఉత్తరంలో నీళ్ల మాట దగ్గర ఆగిపోయాను. నేనూ ఆ పని చేసినవాణ్నే. 2005 ఏప్రిల్, విశాఖపట్నం, పాకిస్తాన్‌తో వన్డే. ధోనీ 148 కొట్టిన మ్యాచ్. పగటి ఆట, సముద్రం పక్క ఊరు, ఒంటి మీద చెమట ఆరదు. సైట్‌స్క్రీన్‌కు కాస్త పక్కగా మంచి చోటు దొరికింది. లేస్తే ఎవరో వచ్చి కూర్చుంటారని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు. నీళ్లు లేక కాదు, నాకు నేనే పెట్టుకున్న నియమం అది. ధోనీ వంద పూర్తి చేసినప్పుడు మోకాళ్ల మీద లేవబోయాను. ఎడమ పిక్క పట్టేసింది. చెయ్యి ఊగింది. ఆరు ఫ్రేములు పడితే ఆరింటిలోనూ బ్యాట్స్‌మన్ మసక. వెనక గ్యాలరీలో ఎవరో ఊపుతున్న తువ్వాలు మాత్రం పోగుపోగూ కనిపించేంత షార్ప్‌గా వచ్చింది. మర్నాడు మా పేపర్లో వేసింది పత్రికలకు ఫొటోలు అమ్మే ఏజెన్సీ వాళ్ల ఫొటో. అది తీసినాయన నాకు నాలుగడుగుల దూరంలోనే కూర్చున్నాడు. ఇన్నింగ్స్ మధ్యలో ఒకసారి లేచి వెళ్లొచ్చాడు కూడా. వెళ్తూ నాతోనే అన్నాడు, ‘కాస్త నా చోటు చూస్తుండండి’ అని.

అందుకే నీకు మొదటి మాట: పక్కవాళ్లకు చెప్పి లే. స్టూలు మీద బ్యాగు, దాని మీద నీ బిబ్ (ఫొటోగ్రాఫర్లు తొడుక్కునే జాకెట్) నంబరు రాసిన కాగితం టేపుతో అంటించు. ఫొటోగ్రాఫర్లు ఎంత పోటీ పడినా, చెప్పి వెళ్లినవాళ్ల చోటు లాక్కోవడం చాలా అరుదు. రెండు ఓవర్లు పోతాయంతే. టైమ్‌అవుట్ పడగానే నడిస్తే అవీ పోవు. బయటి బాటిల్ గేటు దగ్గరే తీసేస్తారు కాబట్టి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు బ్యాగులో వేసుకుని లోపలి నీళ్లలో కలుపుకో. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతూనే ఉండు. ఏప్రిల్‌లో మూడున్నర మ్యాచ్ అంటే 40 డిగ్రీల ఎండ. ఫైబర్ బోర్డులు, సిమెంటు, కెమెరా బాడీ అన్నీ కాలుతుంటాయి. తల తిరిగినా, చెమట పట్టడం ఆగిపోయినా ఏ ఫొటో కోసమూ కూర్చోకు, నేరుగా మెడికల్ రూమ్‌కు వెళ్లు.

ఆడపిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. చాలా ఏళ్లు నేను దాన్ని గమనించనే లేదు. ఒక సహోద్యోగిని చెబితే తెలిసింది: నెలసరి రోజుల్లో మ్యాచ్ పడితే ఆమె సెలవు పెట్టేదట, కారణం మాత్రం జ్వరం అని రాసేదట. ఫొటోగ్రాఫర్ల చోటు నుంచి దగ్గరలో ఉన్న ఆడవాళ్ల టాయిలెట్ ఏది, దారిలో ఏ గేటు పాస్ అడుగుతుంది, నీ కార్డు మీద ఆ జోన్ అంకె ఉందా అని మ్యాచ్‌కు ముందు రోజే మీడియా మేనేజర్‌కు మెయిల్ పెట్టు. నోటితో అడిగితే ‘చూద్దాం’ అంటారు. మెయిల్‌కు జవాబివ్వక తప్పదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పార్కింగ్ ఎక్కడ అని అడగడానికి మగవాళ్లు సిగ్గుపడుతున్నారా?

ఇక మీ సీనియర్ల మాట. ‘ఇంతేనమ్మా, తట్టుకోవాలి’ అని నేనూ చాలామంది పిల్లలకు చెప్పాను. ఇప్పుడు ఆలోచిస్తే అది నిజం కాదు. ఈ ఫీల్డ్ ఎప్పుడూ ‘ఇంతే’ కాదు. 1999 నవంబర్‌లో లాల్‌బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్ మీద సచిన్ 186, ద్రావిడ్ 153 కొట్టిన రోజు నేను ఫిల్మ్ మీద పనిచేశాను. రోల్‌కు 36 ఫ్రేములు. రోల్ అయిపోగానే దాని మీద పెన్నుతో నంబరు వేసి, కవర్లో పెట్టి, గేటు బయట మోపెడ్ మీద కూర్చున్న ఆఫీస్ బాయ్‌కు ఇచ్చేవాణ్ని. అక్కడితో నా పని సరి. కడిగేది డార్క్‌రూమ్‌లో ఒకరు, ఎంచేది డెస్క్‌లో ఒకరు, క్యాప్షన్ రాసేది ఇంకొకరు. నాకు ఆ రోజు ఒక్క ఫోన్ కూడా రాలేదు. ఇవాళ నువ్వు తీస్తున్నావు, ఎంచుతున్నావు, కత్తిరిస్తున్నావు, క్యాప్షన్ రాస్తున్నావు, పంపుతున్నావు. ఆపైన రీల్ కూడా. నలుగురి పని ఒకరి ఒళ్లో పెట్టి, అలసిపోయావంటే అది నీ చేతగానితనం అంటున్నారు. నీ తప్పు ఏమీ లేదు.

డెస్క్ వాళ్లనూ మరీ తిట్టుకోకు, వాళ్ల మీద ఎడిషన్ టైమ్ ఉంటుంది. ఏడున్నర మ్యాచ్ అంటే జిల్లా ఎడిషన్‌కు మొదటి ఇన్నింగ్సే అందుతుంది. సిటీ ఎడిషన్‌కే ఫలితం పడుతుంది. ఆ లెక్క తెలుసుకుని నువ్వే ముందు ఫోన్ చెయ్యి: ‘ఎనిమిదింబావుకు మూడు, తొమ్మిదింబావుకు నాలుగు, మ్యాచ్ అయ్యాక ఐదు పంపుతాను. మధ్యలో ఫోన్ ఎత్తను.’ చెప్పిన టైమ్‌కు రెండు మ్యాచ్‌లు పంపి చూపించు, ఫోన్లు వాటంతటవే తగ్గుతాయి. రెండు జట్ల ఆటగాళ్ల పేర్లు, జెర్సీ నంబర్లతో ముందు రోజే ఫైల్ చేసి పెట్టుకో. నాలుగు అక్షరాలు కొడితే పేరంతా పడేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవచ్చు. ముప్పై వేల మంది ఒక్కచోట ఫోన్లు తీసినప్పుడు సిగ్నల్ దొరకదు కాబట్టి ఇంటర్నెట్ కోసం లాన్ కేబుల్ ఏ చోట్లకు ఇస్తున్నారో చూసుకుని అక్కడే కూర్చో. ఫొటో కోణం కాస్త తగ్గినా పరవాలేదు. పంపలేని గొప్ప ఫొటో కంటే పేపర్లో పడిన ఓ మోస్తరు ఫొటో నీకు అన్నం పెడుతుంది.

ఒలింపిక్స్‌లో పెద్ద ఏజెన్సీల ఫొటోగ్రాఫర్ క్లిక్ చేస్తే, ఫొటో కేబుల్ మీదుగా నేరుగా ఎడిటర్ల దగ్గరికి వెళ్తుంది. క్యాప్షన్, క్రాపింగ్ వాళ్లు చూసుకుంటారు. కెమెరా కంపెనీలు ప్రెస్ సెంటర్‌లో కౌంటర్లు పెట్టి రిపేర్లు చేస్తాయి, లెన్సులు వాడుకోవడానికి ఇస్తాయి. సామాన్లకు లాకర్లు ఉంటాయి. మీ డెస్క్ ‘వాళ్లు నిమిషంలో పంపుతున్నారు, నీకేమైంది’ అంటే ఈ సంగతి మర్యాదగా చెప్పు.

రీల్ మాత్రం వద్దు, ఎవరు అడిగినా సరే. వీడియో హక్కులు ప్రసార సంస్థలు వేల కోట్లు పోసి కొనుక్కున్నవి. స్టిల్ ఫొటోగ్రాఫర్ లోపల ఆట వీడియో తీయకూడదని అక్రెడిటేషన్ షరతుల్లోనే ఉంటుంది. పట్టుబడితే పోయేది నీ కార్డు, అడిగినవాడి ఉద్యోగం కాదు. రీల్ పంపమన్న మెసేజ్ వస్తే, షరతుల పేజీ ఫొటో తీసి జవాబుగా పంపు.

ఇప్పుడు ఆ సిక్సర్. నువ్వు లాప్‌టాప్ గురించి రాశావు, నేను నీ తల గురించి ఆలోచిస్తున్నాను. చాలామందికి బంతి తగిలేది ఫొటో తీస్తున్నప్పుడు కాదు. తల వంచి, ఎండకు తువ్వాలు కప్పుకుని, స్క్రీన్ చూస్తున్నప్పుడు. ఓవర్ మధ్యలో తల వంచొద్దు. ఓవర్‌కూ ఓవర్‌కూ మధ్య, వికెట్ పడ్డప్పుడు, టైమ్‌అవుట్‌లో పంపు. తప్పకపోతే పక్కాయనకు ‘చూస్తుండండి’ అని చెప్పు, ఆయన పంపేటప్పుడు నువ్వు చూడు. మేం నలుగురం ఇలా ఏళ్ల తరబడి ఒకరికొకరం కాపలా కాసుకున్నాం. ‘బాల్’ అని ఒక్క కేక వేస్తే నలుగురూ చేతులు తల మీద పెట్టుకునేవాళ్లం. పొడవు లెన్స్‌లో చూస్తున్నప్పుడు లోకమంతా గొట్టంలో నుంచి చూసినట్టుంటుంది, బంతి ఎటు లేచిందో తెలియదు. రెండో కన్ను తెరిచి ఉంచడం అలవాటు చేసుకో. మొదట వారం తలనొప్పి వస్తుంది, తర్వాత అదే అలవాటవుతుంది. కాళ్లు బోర్డుల వైపు చాపుకోకు. ఫీల్డర్ జారుతూ వచ్చి బోర్డును గుద్దితే అది నీ మోకాళ్ల మీదకే వస్తుంది.

2018 ఫుట్‌బాల్ ప్రపంచకప్ సెమీఫైనల్‌లో, మాస్కోలో, మాండ్జుకిచ్ గోల్ కొట్టగానే క్రొయేషియా ఆటగాళ్లంతా పరుగున వచ్చి ఏఎఫ్‌పీ వార్తా సంస్థ ఫొటోగ్రాఫర్ యూరీ కార్తెజ్ మీద పడ్డారు. ఆయన వాళ్ల కింద ఉండే క్లిక్ చేశాడు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఒక ఆటగాడు ఆయన్ను లేపి ముద్దు కూడా పెట్టాడు. మనవాళ్లు ఈ కథ చెప్పుకుని ‘ప్రాణం పోయినా కెమెరా వదలకూడదు’ అంటారు. నాకు ఆ మాట నచ్చదు. అంతమంది మీద పడ్డా ఆయనకు దెబ్బ తగల్లేదు. అది అదృష్టం, పాఠం కాదు. ఆయన వెనక జీతం, పెద్ద సంస్థ ఉన్నాయి. నీకు దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు? ఆ ప్రశ్నకు కాగితం మీద జవాబు ఉండాలి.

కాగితాల సంగతి కొంచెం ఓపికగా చదువు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టంలో జర్నలిస్టు అంటే ఎవరో చెప్పే జాబితాలో న్యూస్ ఫొటోగ్రాఫర్ పేరు విడిగా ఉండేది. నాలుగు వారాల్లో 144 గంటలకు మించి పని చేయించకూడదని, ఏడు రోజుల్లో 24 గంటల విశ్రాంతి ఇవ్వాలని అందులో రాశారు. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఈ పరిమితి ఉంది. కానీ ఇది ఉద్యోగికి. ఫొటోకింత, మ్యాచ్‌కింత అని లెక్క కట్టే కంట్రిబ్యూటర్‌ను సంస్థలు ఉద్యోగిగా ఒప్పుకోవు. అందుకే నీ దగ్గర కనీసం ఒక మెయిల్ ఉండాలి: ఫలానా తేదీల మ్యాచ్‌లకు నిన్ను వాళ్లే పంపుతున్నారని, ఇచ్చేది ఇంత అని, లెన్స్ అద్దె, రాత్రి ప్రయాణం ఎవరు భరిస్తారని, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరిదని. నువ్వే నాలుగు లైన్లు రాసి పంపు, ‘ఇలా అనుకున్నాం కదా, సరేనంటే జవాబివ్వండి’ అని. ‘ఓకే’ అన్న ఒక్క మాట వచ్చినా అది ఆధారమే.

ఫొటో ఎవరిదన్నదీ అందులోనే రాయించుకో. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, కాపీరైట్ తీయించుకున్నవాళ్లదే అవుతుందని మన కాపీరైట్ చట్టం చెబుతుంది. ఇది తెలియక మనవాళ్లు ఎన్నో మంచి ఫొటోలు పోగొట్టుకున్నారు. ‘పత్రికలో ఒకసారి వాడుకోవడానికి ఇస్తున్నాను, కాపీరైట్ నాదే’ అన్న ఒక్క లైన్ చాలు. హక్కు ఇచ్చేసినా సరే, తీసింది నేనే అని చెప్పుకునే హక్కు చట్టప్రకారం నీ దగ్గరే ఉంటుంది. కాబట్టి పేరు వేయమని ప్రతిసారీ అడుగు, మొహమాటపడకు.

బీమా కూడా అంతే. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి కట్టేది 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. అది మొదటి మెట్టు మాత్రమే. దాని మీద ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ, కెమెరాకు దొంగతనం, పగుళ్లు రెండూ కవరయ్యే పాలసీ తీసుకో. అద్దె లెన్స్ పగిలితే ఎవరు కట్టాలో అద్దె షాపు రసీదు వెనక రాసి ఉంటుంది, చదివాకే సంతకం పెట్టు.

ఇవన్నీ ఒక్కదానివే అడగడం కష్టమని తెలుసు. అందుకే ఒక్కదానివే అడగకు. 2012లో ఇంగ్లండ్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు గెట్టీ ఇమేజెస్ లాంటి ఫొటో ఏజెన్సీలకు బీసీసీఐ అక్రెడిటేషన్ ఇవ్వలేదు. అక్రెడిటేషన్ దొరికిన వార్తా సంస్థలు రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ తమకేంలే అనుకోలేదు, నిరసనగా కవరేజీ ఆపేశాయి. ఒకరి కష్టానికి పోటీ కంపెనీ నిలబడిన సంగతి అది, నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. మనం అంత పెద్దవాళ్లం కాదు, నిజమే. కానీ ఉప్పల్‌లో నీతోపాటు ఇంకో ముగ్గురు కంట్రిబ్యూటర్లు ఉండే ఉంటారు. తాగునీళ్లు ఫొటోగ్రాఫర్ల చోటికే పంపాలని, కాస్త నీడ కావాలని, సీటుకు నంబరు వేయాలని నలుగురి సంతకంతో ఒకే మెయిల్ పంపండి. సంతకం పెట్టమని ఆ సీనియర్లనూ అడగండి. కొందరు పెడతారు, చూడు.

అమ్మ గాజుల మాట. వద్దు తల్లీ. 400 ఎంఎం, 2.8 లెన్స్ కొత్తది 10 లక్షల పైమాటే. మూడు కిలోలకు దగ్గరగా బరువు. మ్యాచ్‌కు 1,200 లెక్కన దాని వడ్డీ కూడా రాదు. సీజన్ అయిపోయాక అది అటక మీద ఉంటుంది, గాజులు తాకట్టులో ఉంటాయి. నీకు కావాల్సింది 70-200 ఎంఎం లెన్స్ ఒకటి, క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) ఉన్న కెమెరా బాడీ ఒకటి. ఆ బాడీ మీద 200 అంటే 300 అంత దగ్గరగా పడుతుంది. మూడు కాలమ్‌ల ఫొటోకు ఇంకా కత్తిరించినా తట్టుకుంటుంది. క్రీజులో బ్యాట్స్‌మన్ కళ్లు కావాలంటే ఏజెన్సీ ఫొటో మీ డెస్క్‌కు ఎలాగూ వస్తుంది. నువ్వు బౌండరీ దగ్గర క్యాచ్ తీయి, వికెట్ పడ్డాక గుంపు తీయి, డగౌట్‌లో తల పట్టుకున్న కోచ్‌ను తీయి, వరంగల్ నుంచి బస్సెక్కి వచ్చి జెండా ఊపుతున్న కుర్రాణ్ని తీయి. నీ పేపర్ చదివేవాళ్లకు వాడే కావాలి. 400 తప్పనిసరి అని డెస్క్ అంటే అద్దె వాళ్లే కట్టాలి. ఇదొక్క విషయంలో వెనక్కి తగ్గకు. నడుము నొప్పి రాకముందే మంచి మోనోపాడ్ (కెమెరాకు ఒంటికాలి స్టాండ్) ఒకటి కొనుక్కో, దానికి తాకట్లు అక్కర్లేదు.

మానేయాలా అన్నావు. ఈ సీజన్ మిగిలిన మ్యాచ్‌లకు ఇవి అడిగి చూడు. అన్నీ అడిగినా ‘1,200, లెన్స్ ఖర్చు నీదే, రాత్రి ఇంటికెళ్లే కారు ఖర్చు నీదే’ అంటే ఆ పత్రికకు మ్యాచ్‌లు చేయడం మానెయ్. కెమెరా మానకు. గచ్చిబౌలిలో బ్యాడ్మింటన్, కబడ్డీ ఉంటాయి, జిల్లాల్లో స్కూల్ గేమ్స్ ఉంటాయి, చోటు కోసం కొట్టుకునే పని లేదు. బ్యాడ్మింటన్‌కు ఫ్లాష్ నిషేధం, లైటు తక్కువ. అక్కడ చెయ్యి తిరిగితే ఎక్కడైనా తిరుగుతుంది.

హాస్టల్ సంగతి రేపే తేల్చుకో, అది ఆగే పని కాదు. మ్యాచ్ తేదీలన్నీ వేసి, ఆఫీసు లెటర్‌హెడ్ మీద డ్యూటీ లెటర్ ఇమ్మని డెస్క్ ఇన్‌ఛార్జిని అడుగు, అది వార్డెన్‌కు ఇవ్వు. గేటు తీయడానికి ఒప్పుకోకపోతే ఆ రాత్రులకు తెలిసినవాళ్ల ఇల్లు ముందే చూసుకో. మ్యాచ్ రోజుల్లో మెట్రో మామూలు కంటే రాత్రి పొద్దుపోయేదాకా నడుపుతుంటారు, ఆ రోజు స్టేడియం స్టేషన్‌లో చివరి రైలు ఎప్పుడో మధ్యాహ్నమే కనుక్కో. ప్రజెంటేషన్ ఫొటోలు ఖాళీ గ్రౌండ్‌లో ఒంటరిగా కూర్చుని పంపకు. మీడియా రూమ్‌లో కూర్చుని పంపు, బయటికి నలుగురితో కలిసి రా. రాత్రి పొద్దుపోయాక ఆడవాళ్లతో పని చేయించుకునే సంస్థ వాళ్ల భద్రత చూడాలని చట్టమే చెబుతోంది కాబట్టి కారు అడగడం బతిమాలడం కాదు. కారు వస్తే, నంబరు డెస్క్‌కూ అమ్మకూ మెసేజ్ పెట్టాకే ఎక్కు.